లారీ వెనక ఎడమచెయ్యి

మొదటి రోజే కొట్లాట అయింది. జనగామలో తన ఇంటి కిటికీ పక్కన ఫోను నిలబెట్టుకుని, ఎడమచేత్తో గీస్తూ, షిఫా ఆన్‌లైన్ బడిలో పెద్దవాళ్లకు బొమ్మలు నేర్పుతోంది. స్క్రీన్ నిండా ముఖాలే. కేసముద్రం వాజిద్ మాత్రం కెమెరాను తాను వేస్తున్న నెమలి మీదికే తిప్పి పెట్టాడు.

"పెన్సిల్ లేకుండనే రంగేస్తున్నరేంది?" అని అడిగింది షిఫా.

"నేను లారీలకు రంగులేసేటోన్ని మేడం. చేతికి గదే అలవాటు."

పద్ధతి లేకుండా వేస్తే బొమ్మ కుదరదని ఆమె, కొలతలు పెడితే నెమలికి ప్రాణం పోతుందని అతను. భూపాలపల్లి నుంచి చేరిన సుమక్క నవ్వాపుకోలేక మైకు ఆపేసుకుంది.

ఆ కొట్లాట మూడు నెలలు నడిచింది. అతను పెన్సిల్ పట్టాడు. ఆమె పెన్సిల్ ముట్టకుండా ఒక మోదుగుపువ్వు వేసింది. వాజిద్ రాని బుధవారం షిఫా పాఠం రెండుసార్లు మరిచిపోయింది. అతన్ని ఇష్టపడుతున్నానని ఆమెకు తెలుసు, ఒప్పుకోవడానికే మొండితనం అడ్డొచ్చింది.

ఆఖరి రోజు నాలుగింటికి పరీక్ష. క్లాసులోని పదిమంది బొమ్మలనూ, ఫొటోలు కాకుండా అసలువే, కెమెరాకు చూపాలి. ఒక్కరు తగ్గినా బొమ్మల క్లాసు ఎత్తేస్తామని బడివాళ్లు తేల్చి చెప్పారు. ఒంటిగంటకు వాజిద్ ఫోన్ చేశాడు. పరీక్ష బొమ్మను అతను మార్కెట్ యార్డులో ఆగి ఉన్న లారీ వెనక తలుపు మీద వేశాడట. పత్తి లోడు దొరికేసరికి ఓనరు బండిని హైదరాబాద్ పంపేశాడట.

"పరీక్ష బొమ్మ లారీ మీద ఏసేటోళ్లు ఎవరన్న ఉంటరా?" షిఫాకు ఏడుపొక్కటే తక్కువ.

"జనగామ మీంచే పోతది మేడం. డ్రైవర్ పౌలన్న బైపాస్ కాడ ఆపుతడు. నేను బైకు మీద ఎనకనే వస్తున్న. జర మీరు పోండ్రి."

తల్లి ఖుర్షీద్ బేగాన్ని తోడు తీసుకుని పోయింది. నాలుగుకు ఐదు నిమిషాలుండగా లారీ వచ్చి ఆగింది. వెనక తలుపు మీద ఒక నెమలి. సగం సన్నటి గీతలు, సగం నిండు రంగులు. దాన్ని గీస్తున్నది ఒక ఎడమచెయ్యి, బొటనవేలి మీద చిన్న కాలిన మచ్చతో సహా.

అది షిఫా చెయ్యే. ఎడమచేత్తో గీయొద్దని చిన్నప్పుడు ఆ చేతి మీదే కొట్టిన ఖుర్షీద్ బేగం దగ్గరికి పోయి ఆ మచ్చను వేలితో తాకింది.

షిఫా ఫోను ఎత్తి చూపింది. పదో బొమ్మ. క్లాసు నిలిచింది. స్క్రీన్‌లో సుమక్క చప్పట్లు ఆపలేదు.

అప్పుడే వాజిద్ బైకు దిగాడు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖం, చెవి మీద నీలం రంగు.

"ఇన్నాళ్లు ముఖమెందుకు చూపియ్యలే?" అంది షిఫా.

"చూపిస్తే, మిమ్మల్నే చూస్తున్ననని తెలిసిపోతుండె."

"మీరు రాని బుధవారం నేను రెండుసార్లు పాఠం మర్చిపోయిన, తెల్సా?"

ఖుర్షీద్ బేగం కూతురి ఎడమచెయ్యిని తన చేతిలోకి తీసుకుంది. "శుక్రవారం, జుమ్మా నాడు మీ అమ్మీ అబ్బాను తీస్కరా బేటా, మాట్లాడుకుందం," అంది వాజిద్‌తో.

పౌలన్న హారన్ కొట్టి హైదరాబాద్ దారి పట్టాడు. వెనక వచ్చే బండ్లన్నీ షిఫా ఎడమచెయ్యిని చూసుకుంటూ పోయాయి.