ఉడకని పప్పులు

మధ్యాహ్నం ఒకటీ పదికి చిన్నకోడలు హోటల్ కుర్చీలోంచి నేలమీదికి జారిపోయింది. పెదాలు వాచాయి. ఊపిరి అందలేదు. భర్త ఆమెను అంబులెన్స్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఒకటీ నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి సూప్ గిన్నెలు టేబుల్ మీద ఎక్కడివక్కడే ఉన్నాయి.

"దానికి జీడిపప్పు, బాదంపప్పు లాంటివి పడవు సార్. అలర్జీ. రవ్వంత తగిలినా ప్రాణం మీదికొస్తుంది," అంది అత్తగారు. "ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. గిన్నె అందించింది మా పెద్దకోడలు. వాళ్లిద్దరికీ ఉప్పూ నిప్పూ."

పెద్దకోడలు తలెత్తలేదు. ఇన్‌స్పెక్టర్‌కి తోడికోడళ్ల తగవులంటే హడల్. దొంగలే నయం, ఒక అబద్ధానికి కట్టుబడి ఉంటారు.

"గిన్నె మీరే అందించారా?"

"వెయిటర్ నా ముందు పెట్టి, అది మా తోడికోడలిది అన్నాడు. పక్కకి జరిపాను."

"అందులో ఏమైనా కలిపారా?"

"లేదండీ."

"పొద్దున గొడవపడ్డారట?"

"పడ్డాం. చీర గురించి. చీర కోసం ఎవరైనా ప్రాణం తీస్తారా సార్?"

అతనికి జాలేసింది. కానీ అక్కడ ఆ పిల్ల పోతే, ఇక్కడ ఈమె జైలుకి పోతుంది. కోర్టు జాలి చూడదు.

వంటమాస్టర్‌ని పిలిపించాడు.

"ఆ సూప్‌లో ఏం వేశావో నిజం చెప్పు. నా దగ్గర నీ పప్పులు ఉడకవు."

వంటమాస్టర్ బిక్కమొహం వేశాడు. "పప్పు ఉడికించనే లేదు సార్! ఆవిడ గిన్నెలో ఒక్క బద్ద కూడా లేదు. పప్పులు పడవన్నారని విడిగా చేశాను."

ఇన్‌స్పెక్టర్ గిర్రున టేబుల్ వైపు తిరిగాడు. అందరి గిన్నెల్లోనూ సూప్ పచ్చగా ఉంది. చిన్నకోడలి గిన్నెలో మాత్రం తెల్లగా ఉంది. ఇందాకట్నుంచీ కళ్లెదురుగానే ఉంది.

"మిగతావాళ్లకి ఏ సూప్?"

"కందిపప్పుది సార్."

"మరి పప్పు లేకుండా ఇది ఇంత చిక్కగా ఎలా వచ్చింది?"

"జీడిపప్పు నూరి..."

మాట సగంలో ఆగింది. వంటమాస్టర్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అందరితోపాటు కందిపప్పు సూపే తాగి ఉంటే ఆమెకేమీ అయ్యేది కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పప్పులు పడవని చెప్పిందెవరు?"

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే. పొద్దున ఫోన్లో. దానికి పప్పులు పడవంటే మా ఇంట్లో అందరికీ అర్థమవుతుందండీ."

"ఇది మీ ఇల్లు కాదు కదమ్మా. ఆమె తనంతట తను చెప్పలేదా?"

పెద్దకోడలు అప్పుడు తలెత్తింది. "చెప్పబోయింది సార్. ఎక్కడికెళ్లినా వంటగదిలోకి వెళ్లి ఒక్కో సరుకూ అడుగుతుంది. ఇవాళ అత్తయ్యే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. 'నేను ఫోన్లో చెప్పానుగా, నలుగురిలో పరువు తియ్యకు' అన్నారు."

అత్తగారి ఫోన్ మోగింది. కంగారులో స్పీకర్ నొక్కేసరికి, చిన్నకొడుకు గొంతు అందరికీ వినిపించింది.

"అమ్మా, గండం గడిచింది. కళ్లు తెరిచింది."

అత్తగారు ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. "ఏమైనా మాట్లాడిందా నాన్నా?"

"ఒక్కటే అడిగింది. తన వల్ల అందరి భోజనం పాడైంది కదా, అత్తయ్యకి కోపం వచ్చిందా అని."

పెద్దకోడలే అత్తగారి చేతిలోంచి ఫోన్ అందుకుంది.

"రాలేదని చెప్పవయ్యా," అంది.