దులిపిన సుద్ద

ఆ ఉదయం కూడా బురుల్చా పాలు పోసి టీ కాచింది. వాళ్ళ టీలో వేసే ఉప్పు చాలిందో లేదో నాలుకతో చూసుకుని, గిన్నె పట్టుకుని కూతురి గది తలుపు తట్టింది. కోచ్కోర్ అనే కిర్గిజ్ ఊళ్ళోని ఆ ఇంటి వెనక గదిలో కనిషాయ్ బొమ్మల సినిమాలకు వస్తువులు చేస్తుంది: బొటనవేలంత టీపాత్ర, అరచేతిలో ఇమిడే గుర్రపు జీను, అగ్గిపెట్టెంత తలుపు. వాటిని కొద్దికొద్దిగా కదుపుతూ, కదిపినప్పుడల్లా ఒక ఫోటో తీస్తే తెరమీద వాటంతట అవే నడుస్తాయి. సినిమా మొదట్లో పేర్లు పడే దృశ్యం కూడా ఆమె పనే.

"టీ చల్లారిపోతోందే. నీ బొమ్మలకు ఆకలుండదు సరే, నీక్కూడా ఉండదా?"

"ఒక్క అక్షరం మిగిలిందమ్మా, వస్తున్నా."

బురుల్చా లోపలికి వచ్చింది. బల్లమీద 'మందల దారి' అన్న సినిమా పేరు ఎర్రటి ఉన్ని అక్షరాలతో వరుసగా నిలబడి ఉంది. పక్కనే, ఒక అంచున అక్షరాల ఆకారంలో ఖాళీలు పడిన ఉన్నిగుడ్డ. దాన్ని గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టింది. గుర్తుపట్టాక, చేతిలోని గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఇదెక్కడిది?"

"పెద్దపెట్టె అడుగున చుట్టి ఉందిగా. కొట్లో ఉన్ని కెమెరాలో అట్టముక్కలా కనిపిస్తుందమ్మా. ఇది తడి ఉన్నిని చేత్తో ఒత్తి చేసింది. పోగులు బతికున్నట్టే ఉన్నాయి."

"దీనిమీద సుద్దగీతలుండాలి."

"ఉన్నాయి, సగం చెరిగిపోయి. బ్రష్‌తో దులిపేశా. తెరమీద ఒక్క రేణువున్నా గులకరాయంత కనిపిస్తుంది కదా."

బురుల్చా గిన్నెను నేలమీద పెట్టింది.

"అవి మీ పిన్ని గీసినవి."

సల్కిన్ ఆమె చెల్లెలు. నిరుడు వసంతంలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉన్ని ఒత్తి రెండు గుడ్డలు చేశారు. ఒకటి ఎరుపు, ఒకటి గోధుమ. షిర్దాక్ తివాచీకి రెండు రంగులనూ ఒకదానిమీద ఒకటి పరిచి, పైదానిమీద సుద్దతో పొట్టేలు కొమ్ములు గీసి, రెండింటినీ ఒకేసారి కోస్తారు. ఎరుపులోంచి తీసిన కొమ్ము గోధుమలోకి పోతుంది, గోధుమది ఎరుపులోకి వస్తుంది. ఏదీ వృథా కాదు. ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. ఎరుపు అక్కకు, గోధుమ చెల్లికి అనుకున్నారు. సల్కిన్ గీత ముగించింది. కోయకముందే ఆసుపత్రికి వెళ్ళి, తిరిగి రాలేదు. సుద్ద రాలకుండా బురుల్చా ఆ గుడ్డలను మడత పెట్టకుండా చుట్టి దాచింది.

"అడగాలని తెలీదా? నోట్లో నాలుక లేదా?"

"నువ్వెప్పుడూ ముట్టుకోలేదు. పనికిరానిదనుకున్నా."

"ముట్టుకోనివన్నీ పనికిరానివైతే ముందు మీ నాన్న గొడ్డలి పారెయ్యాలి!"

"మధ్యలో నా గొడ్డలేం చేసిందే?" అవతలి గదిలోంచి తెమిర్కుల్ అడిగాడు.

"మీరు రొట్టె తినండి." ఆమె కూతురి వైపు తిరిగింది. "పైగా ఒక్క పొర కోశావ్. జత లేకుండా ఎవరైనా కోస్తారటే? మిగిలేది బొక్కేగా! కిర్గిజ్ ఇంట్లో పుట్టి ఇదా నువ్వు నేర్చుకుంది?"

"నాక్కావలసింది అక్షరాలేనమ్మా, అందుకని..."

"నీకు అక్షరాలు కావాలి. నాకు మిగిలింది ఆ గీతే. దాని చెయ్యి ఆఖరిసారి తిరిగిన చోటది. నువ్వు దుమ్మనుకుని దులిపేశావ్."

కనిషాయ్ కెమెరా వైపు తిరిగింది. క్షమించమనడానికి కూడా కొంత అర్హత కావాలనిపించింది. తరువాత, తప్పు చేసినవాళ్ళ గొంతుతో అంది: "దులపకముందు ఒక ఫోటో తీశానమ్మా. వెలుతురు ఎలా పడుతోందో చూసుకోడానికి మేమెప్పుడూ తీస్తాం."

కెమెరా తెరను తల్లివైపు తిప్పింది. ఏటవాలు వెలుతురులో ప్రతి గీతా లేచి నిలబడింది. సల్కిన్‌ది ఎడమచేతి వాటం. ప్రతి కొమ్ము కొసా కాస్త ఎడమకు వాలి ఉంది. బురుల్చా ఒక కొసమీద వేలు పెట్టింది. చల్లటి గాజు తగిలింది. చాలాసేపు ఆ వేలు తీయలేదు.

"సుద్ద పట్రా," అంది చివరికి. "గోధుమ గుడ్డ కూడా."

రెండు గుడ్డలనూ నేలమీద పరిచారు. తెర చూస్తూ బురుల్చా గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. ఆమె కొమ్ములు కుడికే వాలుతున్నాయి.

"నా చేతికి దాని వంపు రావట్లేదే."

గుమ్మంలో నిలబడి చూస్తున్న తెమిర్కుల్ అన్నాడు: "ఒకే దుప్పట్లో పడుకుని పెరిగారు గానీ, మీరిద్దరూ ఒకే చేత్తో ఎప్పుడు గీశారు? నీ వంపు నువ్వు గియ్యి."

ఆమె ఇక చెరపలేదు. గీయడం అయ్యాక తల్లి కత్తి పట్టింది, కూతురు గుడ్డలు కదలకుండా అదిమింది. అక్షరాల ఖాళీల వెంబడి కింది గోధుమను కూడా కోశారు. గోధుమ అక్షరాలు వచ్చి ఎరుపులో సరిగ్గా కూర్చున్నాయి.

"నీ సినిమా అయ్యాక ఆ ఎర్ర అక్షరాలు తెచ్చి గోధుమదాంట్లో పెట్టు," అంది బురుల్చా. "పిన్ని తివాచీ అది. నువ్వే కుట్టాలి."

కనిషాయ్ తలూపింది.

ఇక కుట్టాలి. కుట్టేముందు సుద్ద దులపాలి. లేకపోతే దారం మాసిపోతుంది. బురుల్చాకు ఇది చిన్ననాటి నుంచీ తెలుసు. ఎన్ని తివాచీలకు దులిపిందో ఆమె చేతులకు లెక్కలేదు. ఇప్పుడు ఆ చేతులే ఆగిపోయాయి. ఆ గీత కోతకు దారి చూపి చెరిగిపోవడానికే గీసినది. ఏడాదిగా తాను కాపాడుతూ వచ్చింది, ఉండిపోవాలని చెల్లెలు ఎన్నడూ అనుకోనిదాన్ని.

"సల్కిన్ ఉన్నా ఇప్పుడు దులిపేసేదే," అంది. కళ్ళు తుడుచుకోలేదు. గుడ్డను రెండు చేతులా ఎత్తి బలంగా దులిపింది.

కిటికీ వెలుగులో తెల్లని దుమ్ము లేచి, మెల్లగా బల్లమీద, టీపాత్రమీద, జీనుమీద, కెమెరామీద వాలింది. కనిషాయ్ బ్రష్ అందుకోలేదు.