నలభై ఒకటిలో నలభై

ఉదయం 11:07. టెస్టర్ తలుపుకి నాలుగడుగుల దూరంలో బోర్లా పడిపోయాడు.

గోడమీద స్క్రీన్ ఇంకా లెక్కపెడుతూనే ఉంది. 31. 30. 29.

గది నిండా గ్యాస్. తలుపు బిగుసుకుపోయింది. దాన్ని పగలగొట్టి అతన్ని వరండాలోకి లాగేసరికి 11:15. అప్పటికే ప్రాణం లేదు.

అది ఫైర్ అలారం పెట్టెలకి ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే ఆఫీసు. అలారం మోగగానే ఆ పెట్టె మనుషులు బయటికి పోవడానికి కొంత గడువిస్తుంది. తర్వాత తలుపు బిగించి, మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. సరుకు పంపేముందు టెస్టర్ ఆ పెట్టె బిగించిన గదిలో నిలబడి, తనే అలారం నొక్కి, నడిచి బయటికి రావాలి.

స్క్రీన్ అరవై సెకన్లు అంది. గ్యాస్ పదో సెకనుకే వచ్చింది.

11:40కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మాట తక్కువ, నడక నెమ్మది. స్టేషన్లో ఆయన వెనకాల 'నత్త' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ముందు చనిపోయినవాడి చెప్పులు చూశాడు. ఎడమ చెప్పు మడమ ఒక పక్కకే అరిగిపోయి ఉంది. గ్యాస్ పోయిందన్నాక అలారం బటన్ నుంచి తలుపుదాకా మామూలుగా నడిచాడు. ఎనిమిది సెకన్లు. ఎడమకాలు ఈడుస్తూ నడిచాడు. ఇరవై రెండు.

మేనేజర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి పెద్ద వాచీ.

"ఏం జరిగింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏముంది సార్. టెస్టర్ బావమరిది ఇక్కడే ప్రోగ్రామర్, వాడి చేతిలో బావ పోయాడు. హెడర్ మార్చింది వాడే."

"హెడర్ అంటే?"

"కొలతలు రాసిపెట్టిన ఫైలు. ప్రోగ్రాంలో ముక్కలు, అంటే మాడ్యూల్సు, నలభై ఒకటీ దాన్ని చూసే తయారవుతాయి. అందులో గడువు పది సెకన్లుండేది, వాడు అరవై చేశాడు. గ్యాస్ మాడ్యూల్ ఫైలు టైము తొమ్మిదీ పద్నాలుగు. అప్పుడు ఆ ముక్కలు తయారుచేసి కలిపే బిల్డ్ రూములో వాడొక్కడే. వాళ్ళక్క, అదే పోయినవాడి భార్య, టీకి పోయింది. నేను తొమ్మిది నుంచి పది దాకా మీటింగులో ఉన్నాను. ఎనిమిదిమంది సాక్షులు."

"మిమ్మల్ని అడగలేదే."

"అడుగుతారు కదాని."

ఇన్‌స్పెక్టర్ అంతా రాసుకున్నాడు.

అలారం మోగగానే ఆఫీసులో గదులన్నీ లాక్ అయిపోయాయి. బిల్డ్ రూమును 11:50కి ఆయనే దగ్గరుండి తీయించాడు. ఆ మిషన్‌కి బయటి కనెక్షన్ లేదు. ఏం చేయాలన్నా అక్కడ కూర్చునే కొట్టాలి. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా కార్డు గీకాలి.

బావమరిదిని పిలిపించాడు. కుర్రవాడేం కాదు, ముప్ఫై దాటినవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"హెడర్ ఎందుకు మార్చావు?"

"బావ అడిగాడు సార్. 'ఏరా బావమరిదీ, పది సెకన్లలో పరిగెత్తడానికి నీ కాళ్ళేమన్నా అప్పిస్తావా' అన్నాడు. గడువు పెంచితే తప్ప సంతకం పెట్టనన్నాడు. మేనేజర్ గారు ముందు ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం సరేనన్నారు."

"మరి గ్యాస్ మాడ్యూల్‌కి పదే ఎందుకు మిగిలింది?"

"అది మళ్ళీ తయారు కాలేదు. మిషన్ టైములు పోల్చి చూస్తుంది సార్. మాడ్యూల్ హెడర్ కన్నా పాతదైతే తిరిగి తయారుచేస్తుంది. కొత్తదైతే ముట్టుకోదు. ఇప్పుడే చూశాను, దాని టైము ఎవరో ముందుకి జరిపారు."

"అలా జరపొచ్చా?"

"టచ్ అని ఒక కమాండ్ ఉంది. మనం ఏ టైము చెబితే అది పడుతుంది."

"తొమ్మిదీ పద్నాలుగుకి ఈ గదిలో ఎవరున్నారు?"

అతను అక్క కూర్చునే కుర్చీ వంక చూశాడు.

"నేనే సార్."

ఇన్‌స్పెక్టర్ ఫైళ్ళ జాబితా చూపించమన్నాడు. వేలు పెట్టి ఒక్కో అంకే చదివాడు. హెడర్: 8:50:41.372908514. గ్యాస్ మాడ్యూల్: 9:14:00.000000000. సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో దించుకున్నాడు.

టెస్టర్ భార్య అదే ఆఫీసులో బిల్డ్ ఇంజనీర్. రోజూ 9:20కి బిల్డ్ నడిపేది ఆవిడే. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మా తమ్ముణ్ణి తీసుకుపోతారా?"

"చూడాలి."

"ఉదయం దాకా నాకు ఇద్దరున్నారు. ఇప్పుడు ఒక్కడు. వీణ్ణి కూడా తీసుకుపోయేముందు సరిగ్గా చూడండి."

"గ్యాస్ మాడ్యూల్ తిరిగి తయారైతే ఎవరికి నష్టమమ్మా?"

"దానికి సర్టిఫికెట్ ఉంది. తిరిగి తయారుచేస్తే చెల్లదు. మళ్ళీ పరీక్షకి మూడు వారాలు. సరుకు రేపు పంపుతానని మేనేజర్ గారు మాటిచ్చారు."

ఆయన తల ఊపాడు. కార్డుల లాగ్, వరండా కెమెరా రికార్డింగ్ తెప్పించుకుని తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నం 3:30. మీటింగ్ హాల్లో ముగ్గురినీ కూర్చోబెట్టాడు. గుమ్మం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"బిల్డ్ 9:20కి మొదలైంది. ఆలోగా ఎవరో గ్యాస్ ఫైలుకి 9:14 అని టైము వేశారు. ఆ టైముకి గదిలో ఉన్నది ఇతను," అని బావమరిదిని చూపించాడు.

"నేను మొదట్నించీ అదే చెబుతున్నాను," అన్నాడు మేనేజర్.

"మిషన్ తనంతట తను టైము వేస్తే సెకను ముక్కలతో సహా వేస్తుంది. దాంట్లో ఉన్న మిగతా ఫైళ్ళన్నీ అలాగే ఉన్నాయి. ఈ ఒక్కదాంట్లోనే వరసగా సున్నాలు. ఇది చేత్తో కొట్టిన టైము. తొమ్మిదీ పద్నాలుగని కొట్టడానికి తొమ్మిదీ పద్నాలుగు దాకా ఆగక్కర్లేదు. ముందే కొట్టేసి మీటింగుకి పోవచ్చు."

మేనేజర్ వాచీ సర్దుకున్నాడు.

"8:53కి మీ కార్డు ఆ గదిలోకి పోయింది. 8:56కి బయటికొచ్చింది. అప్పుడు లోపల ఇంకెవరూ లేరు. ఎందుకెళ్ళారు?"

"పెన్ను మర్చిపోతే."

"హెడర్ మారిన మూడో నిమిషానికి. సరే. 9:10కి ఈవిడ టీకి పోతుందని ఎవరికి తెలుసు?"

"ఆఫీసందరికీ తెలుసు. అంతమాత్రాన నేనే చేశానంటారా? వాడూ కొట్టి ఉండొచ్చు."

"తను ఒంటరిగా ఉండే నిమిషమే ఏరుకుని, తన మెడకి తనే తగిలించుకుంటాడా?"

"అది వాడి తెలివి."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తీసి మొదటి పేజీ తిప్పాడు.

"ఇవి మీ మాటలు. 'గ్యాస్ మాడ్యూల్ ఫైలు టైము తొమ్మిదీ పద్నాలుగు.' ఇది మీరన్నప్పుడు 11:45. బిల్డ్ రూము నేను తీయించింది 11:50కి. ఆ టైము ఆ మిషన్‌లో తప్ప ఎక్కడా లేదు. 8:56 తర్వాత మీరు ఆ గదిలోకి పోలేదని మీ కార్డే చెబుతోంది. మీ ఇద్దరు అక్కాతమ్ముళ్ళలో ఎవరైనా ఈయనకి చెప్పారా?"

ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"ఇంకెవరు చెప్పారు?"

మేనేజర్ గుమ్మం వైపు చూశాడు.

"ఇంకొకటి. 11:06. వరండా కెమెరాలో మీరు అద్దం బయట ఉన్నారు. లోపల అతను అలారం నొక్కి స్క్రీన్ చూశాడు. అరవై ఉంది. నింపాదిగా బయల్దేరాడు. మిమ్మల్ని చూసి నవ్వాడు కూడా. మీరు వాచీ చూశారు. తలుపు పిడి మీద చెయ్యి వేశారు. తర్వాత ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు."

మేనేజర్ కుడిచెయ్యి బల్ల కిందికి పోయింది.

"తలుపు తెరిస్తే, గడువు పదేనని మీకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పది సెకన్లు ఎవరికైనా చాలు," అన్నాడు మేనేజర్. "ఇన్నేళ్ళూ పదే ఉంది. వాడు కుంటివాడైతే అది నా తప్పా? పోతాడనుకోలేదు. దగ్గుకుంటూ బయటపడతాడనుకున్నాను."

బావమరిది లేచాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. కానిస్టేబుళ్ళు మేనేజర్ని తీసుకుపోయారు. పోయేముందు వాచీ విప్పించి బల్లమీద పెట్టించారు.

"అక్కా, నేను కాదు," అన్నాడు తమ్ముడు.

ఆవిడ వాణ్ణి దగ్గరికి లాక్కుంది. వాడి తల మీదుగా బల్లమీద ఉన్న బిల్డ్ లాగ్ కాగితం చూసింది.

"ఇది చదివారా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్ని.

"చదివాను."

ఆ కాగితం చివర ఒకే ఒక్క లైను. మాడ్యూల్స్ 41. తయారైనవి 40. వదిలేసినవి 1.

"మా ఆయన దేన్నయినా కింది నుంచే చదివేవాడు. పెళ్ళి కార్డులు కూడా. మావాడు 'చివరి లైను బావ' అని ఏడిపించేవాడు. నాతో రోజూ చెప్పేవాడు, చివరి లైను చదవమని. హెడర్ మారితే నలభై ఒకటీ తయారవ్వాలి. నాకు తెలుసు. స్క్రీన్ ఆకుపచ్చగా కనబడింది, అంతా సరేననుకుని లేచిపోయాను."

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకున్నాడు.

"మీ రిపోర్టులో ఇది రాస్తారా?"

తమ్ముడు ఆయన వంక చూశాడు. వద్దన్నట్టు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు.

"రాస్తాను."

"ఎక్కడ?"

"చివర్లో," అన్నాడు.