మూడో నిబంధన

"పాస్‌వర్డ్ గోడ మీద రాసిపెట్టారేంటండీ?"

"మా పెద్దవాళ్లు వచ్చి వినాలిగా. వాళ్లకు గుర్తుండదు."

ఆ చిన్న గిరిజన కళాశాలలో లైబ్రేరియన్‌తో నా తొలి గొడవ అది. కంప్యూటర్ల భద్రతకు నెలలో ప్లాన్ రాయమని నన్ను పంపారు. వాళ్ల భాషలో పెద్దలు చెప్పిన కథల, పాడిన పాటల రికార్డింగులన్నీ ఆవిడ పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు.

రెండో వారం సిబ్బందిని పరీక్షించడానికి ఉత్తుత్తి మెయిల్ పంపాను: "మీ సెలవు మంజూరైంది. ఇక్కడ నొక్కండి." అందరూ నొక్కారు. ప్రిన్సిపాల్‌గారు రెండుసార్లు నొక్కారు. లైబ్రేరియన్ మాత్రం నా గదికి నడిచొచ్చింది.

"ఇది పంపింది మీరేనా?"

"ఎలా కనిపెట్టారు?"

"నేను సెలవే అడగలేదు. అయినా ముఖ్యమైన మాట మావాళ్లు మొహం చూసే చెబుతారు."

దాన్నే ప్లాన్‌లో మూడో నిబంధనగా రాశాను: అనుమానం వస్తే, పంపినవాళ్లను ఎదురుగా అడగాలి.

"మీ ప్లాన్‌లో పనికొచ్చేది అదొక్కటే," అంది.

పాస్‌వర్డ్ బదులు పెద్దవాళ్లకు వేలిముద్ర పెట్టించాను. ప్రతి పాటకూ రెండు కాపీలు ఉండాలని, ఆ పాటలు పాడిన ఆవిడ అమ్మమ్మకు నచ్చజెప్పాను. అన్నిటికీ తాళం వేస్తానంటూ ఆ పెద్దావిడ నాకు తాళాలబ్బాయి అని పేరు పెట్టింది.

నెల అయిపోయింది. ప్లాన్ అమలుకు ఇక్కడే ఉండమని ప్రిన్సిపాల్‌గారు అడిగారు. ఉండాలంటే ముందు నాకు లైబ్రేరియన్ మనసు తెలియాలి. ఎదుట పడితే నోరు పెగలదు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆవిడకు మెయిల్ కొట్టాను: "మీరంటే నాకిష్టం. రేపు వెళ్లిపోతున్నాను. ఉండమంటే ఉంటాను."

పది నిమిషాల్లో ఆవిడ నుంచి నాకే ఫిర్యాదు వచ్చింది: "అనుమానాస్పద మెయిల్. పంపినాయన నెలంతా ఎదురుగా కూర్చుని కూడా ఈ మాట అనలేదు. మూడో నిబంధన ప్రకారం చర్య తీసుకోగలరు."

వానలో పరిగెత్తాను. లైబ్రరీలో అమ్మమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాట వింటోంది. మనవరాలు పుస్తకాలకు లేబుళ్లు అంటిస్తోంది.

"అది పంపింది మీరేనా?" తలెత్తకుండానే అడిగింది. పెదవి చివర నవ్వు దాగడం లేదు.

"నేనే."

"అయితే చెప్పండి. మొహం చూసి."

చెప్పాను. తడిసిన చొక్కా నుంచి నీళ్లు కారి ఆవిడ లేబుళ్లన్నీ పాడయ్యాయి.

"ఉండండి," అంది మెల్లగా. "లేబుళ్లు మళ్లీ ఎవరు రాస్తారు మరి?"

అమ్మమ్మ హెడ్‌ఫోన్స్ ఎప్పుడు తీసిందో తెలియదు. పాటలు రికార్డు చేసే మైకు నా ముందుకు జరిపింది.

"ఇంకోసారి చెప్పు తాళాలబ్బాయీ, ఇందులో." మనవరాలి వైపు తిరిగింది. "రెండు కాపీలు తియ్యమ్మా. ఒకటి నా దగ్గరుంటుంది."