రుచి లేని లోకం

గొంతు తెగుతున్నప్పుడు కూడా రాకేష్ నవ్వుతూనే ఉన్నాడు.

మాదాపూర్‌లో, గేటు మీద పేరైనా లేని ఒక విదేశీ ల్యాబ్‌లో, కుర్చీకి కట్టేసి తలకు హెల్మెట్ తగిలించి చంపారతన్ని. హెల్మెట్ లోపల ఖాజాగూడ చెరువు గట్టు, చల్లగాలి. బయట కత్తి. శవం ముఖాన ఆ నవ్వు అలాగే మిగిలిపోయింది.

"ఒంట్లోకి ఓ మందు, తలకి ఆ హెల్మెట్. అంతే, కళ్ల ముందున్న బొమ్మనే బుర్ర నిజమని నమ్మేస్తుంది," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ చెన్నకేశవులు, ఫొటోను బల్ల మీదికి విసురుతూ. "కెమెరాతో తీసిన ఏ చోటునైనా పూట తిరక్కుండా లోకంగా మార్చేస్తారు. ఇల్లు చేరాననుకుని మనవాళ్లు రహస్యాలన్నీ కక్కేశారు. కక్కగానే చచ్చారు. దీని గుట్టు తెలిసి బతికున్నది ఆ ల్యాబ్‌లో రాకేష్ పక్క సీటు ఇంజినీరు అఖిల ఒక్కతే. ఆమెను ఎక్కడ దాచావో నాక్కూడా చెప్పకు."

ఏజెంట్ దేవరాజు తలూపాడు. నిజాంపేటలో ఒక లేడీస్ హాస్టల్. "నన్ను గూడ చంపుతరా అన్నా?" అని చెయ్యి వదలకుండా ఏడ్చింది ఆ పిల్ల. చంపనివ్వనని మాటిచ్చి వచ్చాడు.

"ల్యాబ్ సర్వర్లు తగలబెట్టు. మన ఏజెంట్ రూబీ నీతో వస్తుంది. పట్టుబడితే బాచుపల్లిలో నీలం గేటు ఇల్లు అని చెప్పు. అక్కడ మన కమాండోలున్నారు. ఈ సంగతి రూబీకి కూడా తెలియదు."

అవి సకల జనుల సమ్మె రోజులు. మాదాపూర్ రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. కారు ఆగిపోయింది. సెక్యూరిటీ గార్డు వేషంలో ఉన్న దేవరాజు దారి అడగడానికి దిగాడు. గరిటె పట్టుకున్న యాదమ్మ అడ్డం నిలబడింది. పక్క టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుందామె.

"ఏందన్నా, తినకుంట పోతవా? డ్యూటీ యాడికి బోదు. జర తిని పో!"

వద్దంటే ఊరుకోలేదు. పొగలు కక్కే కిచిడీ ఆకులో వేసి చేతిలో పెట్టింది. ఆ రోడ్డు మీద ఎవర్నీ వట్టి కడుపుతో కదలనివ్వడం లేదు. చెయ్యి కాలుతున్నా కమ్మగా తిన్నాడు.

రూబీ కారు అద్దం దించలేదు. ఆమె నడిచొస్తే ఆఫీసంతా తలెత్తి చూస్తుంది, ఆమె మాత్రం ఎవర్నీ చూడదు. "లేటవుతోందండీ," అంది విసుగ్గా. ఆమె నల్లకళ్లద్దాల్లో కెమెరా ఉందని దేవరాజుకు అప్పటికి తెలియదు.

ల్యాబ్ వెనక తలుపు తీశారో లేదో, అతని మెడలో సూది దిగింది.

కళ్లు తెరిచేసరికి రూబీ కట్లు కోస్తోంది. నేల మీద రెండు శవాలు. "ఎండలో వాన," అంది. డిపార్ట్‌మెంట్ కోడ్ వర్డ్. ఇద్దరూ రోడ్డు మీదికి పరిగెత్తారు. అవే జెండాలు, అదే పొగ, అవే నినాదాలు.

"అఖిల ఎక్కడుందండీ? వాళ్ల బండి బయల్దేరింది. నేను ముందెళ్లి తప్పిస్తాను, త్వరగా చెప్పండి!"

దేవరాజు నోరు తెరిచాడు. ఎదురుగా యాదమ్మ గిన్నె కలుపుతోంది. అతన్ని చూసి నవ్వింది. ఏమీ అనలేదు.

"అక్కా, ఆకలేస్తోంది," అన్నాడు.

మళ్లీ అదే నవ్వు. మళ్లీ గరిటె తిప్పింది.

ఆ రోడ్డు మీద ఆకలన్నవాడికి అన్నం పెట్టకపోవడమా! కారు అద్దం దించని రూబీ ఆ గిన్నెను తీసింది గానీ యాదమ్మ పిలుపు వినలేదు. ఇది హెల్మెట్ లోపలి లోకం.

"బాచుపల్లి," అన్నాడు. "నీలం గేటు ఇల్లు."

ఎదురుగా రూబీ తియ్యగా నవ్వింది. రాకేష్ కూడా ఇలాంటి లోకాన్నే చూస్తూ పోయాడు. దేవరాజు కళ్లు గట్టిగా మూసుకుని నాలుక కసుక్కున కొరికాడు. నోరంతా ఉప్పగా రక్తం. ఆ నొప్పికి మత్తు సడలింది. మణికట్లకు పట్టీలు తగిలాయి. వెనక నుంచి రూబీ సెంటు వాసన. వేళ్లతో బెల్టు బకిల్‌లోని బ్లేడు లాగి ఒక పట్టీ కోశాడు.

మెడకు చల్లగా కత్తి తగిలింది.

తల వెనక్కి విసిరాడు. హెల్మెట్ దెబ్బకు ఆమె ముక్కు ఫట్‌మని విరిగింది. హెల్మెట్ ఊడబీకి, రెండో పట్టీ కూడా కోసి, రాడ్డుతో మీదికొచ్చిన టెక్నీషియన్ కణత మీద మోదాడు. పడ్డాక మళ్లీ మోదాడు. ఈలోగా రూబీ కత్తి అతని భుజంలోకి పిడిదాకా దిగింది. ఆమెను తన్ని, టెక్నీషియన్ నడుముకున్న పిస్టల్ లాగి గురిపెట్టాడు.

రక్తం కారే పళ్లతో రూబీ నవ్వింది. "కాల్చండి. కానీ ఇది మాత్రం నిజమని గ్యారంటీ ఏమిటండీ? హెల్మెట్ ఇంకా మీ తల మీదే ఉందేమో! నిజం రూబీ మీ కట్లు కోస్తోందేమో!"

దేవరాజు వేలు ట్రిగ్గర్ మీదే ఆగింది. ఆమె వేళ్లు ఫోన్ వైపు పాకుతున్నాయి. ఒక్క కాల్ వెళ్తే బాచుపల్లికి బయల్దేరిన వాళ్ల బండి వెనక్కి తిరుగుతుంది. అతను గుటక వేశాడు. ఉప్పగా ఉంది.

"మీ లోకంలో రుచి లేదు రూబీ," అన్నాడు, కాల్చాడు. మిగిలిన గుళ్లన్నీ సర్వర్లలోకి దించి నిప్పంటించాడు.

ఆమె లాక్కున్న తన ఫోన్‌ను రూబీ జేబులోంచి తీసుకుని బయటికొచ్చాడు. జెండాలు, పొగ, నినాదాలు. అడుగు పడలేదు. చావుకు భయపడనివాడు యాదమ్మ ఏమీ అనదేమోనని భయపడ్డాడు.

"ఓ అన్నా! ఏందా నెత్తురు? పరేషాన్ గాకు, కూసో. దవాఖానకు తోలుకపోతం. ఈలోపు గింత తిను!"

పొగలు కక్కే ఆకు చేతిలో పడింది. దేవరాజు కెవ్వుమన్నాడు. ఆపైన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఫోన్ మోగింది. "బాచుపల్లిలో అందరూ దొరికారు. ఇక ఆ పిల్లకు భయం లేదు," అన్నాడు చీఫ్. "నువ్వెక్కడున్నావ్?"

"నిజంలోనే ఉన్నాను సార్," అన్నాడు దేవరాజు. "చెయ్యి కాలింది."