అక్క వేలి చుక్క

చేతిలో ఇమిడే పరికరాల మీద ఆటలు, పాఠాలు నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసు అది. అక్కడి పరీక్షల గదికి కిటికీలు లేవు. తెర వెలుగు తేడా తెలియాలని మిట్టమధ్యాహ్నం కూడా చీకటి చేసి ఉంచుతారు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఏసీ గొణుగుడు.

సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా, ఎప్పుడో ఒక మనిషి ఆడుతుండగా రికార్డు చేసిన వేలి తాకిళ్లను మళ్లీ నడిపి చూస్తారు. వేలు ఉండదు. అది పడిన చోటల్లా తెల్లచుక్క పడుతుంది, అంతే. ఆ వేలు ఇక్కడ పనిచేసే ఆవిడ సొంత అక్కది. పోయి ఏడాదైంది. ఆస్పత్రిలో చివరిరోజున, "నన్ను ఇంటికి తీసుకెళ్లవే, నా బుడంకాయ దగ్గరికి" అని ఒకటే ప్రాధేయపడింది. ఒంటినిండా గొట్టాలతో ఉన్న మనిషిని ఎలా తీసుకెళ్తుంది, పాపం! బుడంకాయ అంటే అక్క కూతురు; ఆ నాలుగేళ్ల పిల్లని ఇప్పుడు చెల్లెలే పెంచుకుంటోంది. కడుపున పుట్టకపోయినా ప్రాణమంతా దానిమీదే.

"ఆ పాత రికార్డు తీసెయ్యమ్మా. రేపట్నుంచి కొత్తది వాడదాం," అన్నాడు మేనేజరు.

"ఒక్కసారి చూసుకుని తీసేస్తాను సార్."

నడిపించింది. బెలూన్లు పగలగొట్టే ఆట. అక్కకి తొందరెక్కువ, ఒక్కోదాన్ని రెండేసిసార్లు పొడిచేది. చెల్లెలికి కళ్లు చెమర్చాయి. పన్నెండు నిమిషాలకి రికార్డు అయిపోయింది.

చుక్క ఆగలేదు.

బెలూన్లు వదిలేసి తెర మధ్యకొచ్చి నిలబడింది... ఎవరికోసమో చూస్తున్నట్టు. కాసేపటికి పక్కనే ఇంకో చుక్క పడింది. చిన్నది. ఎంత వేలైతే అంత చుక్క. పసిపిల్లల వేలు అది.

రెండూ కలిసి తెర అంచువైపు కదిలాయి... మెల్లగా.

ఆమె గబుక్కున సెల్ తీసింది. ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, బుడంకాయ ఏంచేస్తోంది?"

"మెల్లగా మాట్లాడవే, ఇప్పుడే పడుకుంది," గుసగుసలాడింది అమ్మ. "కలొచ్చినట్టుంది. వేలితో దుప్పటి మీద గీస్తోంది."

"ఎటు గీస్తోంది?"

"ఎటేంటే... మంచం అంచుకి."

"లేపమ్మా. ముందు దాన్ని లేపు."

పరికరం వెనకమూత ఊడబీకి బ్యాటరీ లాగేసింది. తెర ఆరిపోయింది. చుక్కలు మాత్రం ఆ నల్లటి గాజుమీద నడుస్తూనే ఉన్నాయి.

పెద్దచుక్క అంచు దాటిపోయింది.

చిన్నది దాటలేదు.

"లేచిందిలే," అంది అమ్మ. అంతలోనే గొంతు తగ్గింది. "ఇదేంటే... అమ్మమ్మా అనకుండా నన్ను అమ్మా అంటోంది. చెల్లి ఇంకా ఆఫీసు నుంచి రాలేదా అని అడుగుతోంది..."

గాజుమీద చిన్నచుక్క ఒక్కటే మిగిలింది. ఆగి... ఆగి... లోపలినుంచి తడుతోంది.