నేల తెలియని పాదాలు

పాలప్యాకెట్టు కోసం ఉత్తకాళ్లతో సందు చివరి కొట్టుకు వెళ్లిన బుచ్చిరాములు గోడ పట్టుకుని తూలుతూ వస్తున్నాడు. నాచారంలోని ఆ సందులో నల్లా దగ్గర అప్పటికే నలుగురు చేరారు. డ్యూటీకి బయలుదేరుతున్న కొడుకు తిరుపతికి తల కొట్టేసినట్టయింది.

"మల్ల మొదలువెట్టినవా నాయినా? పొద్దుగాల్నేనా?"

"లేదు బిడ్డా. కాళ్లు ఆగుతలెవ్వు, గంతే."

తిరుపతి తండ్రి కాలరు పట్టుకుని, అందరి ముందూ నోరు వాసన చూశాడు. ఏ వాసనా రాలేదు. అయినా కోపం దిగలేదు.

"వాసన రాకుండ ఏమన్న నమిలినవా? అమ్మ సచ్చిపోయిననాడు ఒట్టువెట్టి మానేసిన్నంటివి. గిదేనా?"

బుచ్చిరాములు తల వంచుకుని లోపలికి నడిచాడు. ఎదురొచ్చిన కోడలు హిమజ గడప దగ్గరే ఆగిపోయింది. ఆయన అడుగు పడిన చోటల్లా నెత్తురు.

"మామా, నీ కాల్ల సీసపెంక దిగింది! నొప్పి తెలుస్తలేదా?"

"ఏ కాల్లనమ్మా?" అన్నాడాయన.

ఉప్పల్‌లో ఉన్న షుగరు డాక్టరు కామాక్షి దగ్గరికి తిరుపతి డ్యూటీ మానుకుని తండ్రిని తీసుకెళ్లాడు. ఆమె మొదట గాజుముక్క తీసి కట్టు కట్టించింది. తర్వాత ఆయనను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో పాదాలను తాకుతూ, "తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. చాలాచోట్ల తాకింది. బుచ్చిరాములు బుద్ధిగా కాచుకుని కాచుకుని, "ఇంక మొదలువెట్టలేదా అమ్మా?" అని అడిగాడు.

తిరుపతి ముఖం తిప్పుకున్నాడు.

"పదేళ్ల షుగరు. కాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. కింద నేల ఉందో లేదో పాదానికి తెలియట్లేదు, అందుకే తూలుతున్నారు. పోయిన స్పర్శ పూర్తిగా రావడం కష్టం. షుగరు అదుపులో ఉండాలి, చెప్పులు లేకుండా తిరగకూడదు, రోజూ ఎవరో ఒకరు పాదాలు చూడాలి. ఎప్పటినుంచి ఇలా?"

"రెండేండ్ల సంది."

"ఇంట్లో చెప్పలేదా?"

"తాగుబోతని పేరువడ్డోణ్ణి. తూలుతున్నా అంటే ఎవ్వలు నమ్ముతరమ్మా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే తిరుపతిని ఎక్కువ కోసింది.

మర్నాడు పొద్దున అతను తండ్రిని వాకిట్లోనే కూర్చోబెట్టి, కట్టు లేని పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. నల్లా దగ్గరి వాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు. వేళ్ల సందులు ఒక్కొక్కటే వెతకసాగాడు.

"ఇడువు బిడ్డా. నా కాళ్లు నువ్వు వట్టుడేంది?"

"నిన్న నీ నోట్ల వాసన రాలే నాయినా. ఎరికుండి గూడ అన్న."

"ఎనుకట నేను తాగి గట్ల ఎన్నిమార్లు ఇంటికొచ్చిన్నో నీకు యాదికుంటది గదరా" అన్నాడు బుచ్చిరాములు.

తిరుపతి కన్నీళ్లు ఆ పాదం మీదే పడ్డాయి. తడి ఆయనకు తెలియలేదు. కొడుకు భుజాలు అదరడం చూసి, మెల్లగా తల మీద చెయ్యి వేశాడు.